శబరిమల నడిచివెళ్లే స్వాములకు హైవే ఒక్కటే దారా?

సంపాదకుల వారికి నమస్కారం.

కార్తీకం వచ్చిందంటే మా గుత్తి మీదుగా నల్లబట్టల స్వాములు నడిచిపోవడం మొదలవుతుంది. హైదరాబాదు, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు నుంచి వచ్చేవాళ్లు చాలామంది 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకునే వస్తారు. ఈ దారే ఎందుకని అడిగితే 'ఫోన్‌లో ఇదే చూపిస్తోంది స్వామీ' అంటారు. ఫోన్ చూపించేది కార్లకు దగ్గరి దారి. చెప్పుల్లేకుండా నెలకు పైగా నడిచే మనిషికి, అదీ చలికాలంలో, ఏ దారి మంచిదో దానికేం తెలుసు? తెలియజెప్పాల్సిన శాఖలు ఆ పని చేయడం లేదు కాబట్టే ఈ ఉత్తరం.

హైవే మీద నడక ఎలా ఉంటుందో కారులో పోయేవాళ్లకు అర్థం కాదు. పక్కనున్న మట్టి అంచు మీద నడవచ్చు కదా అంటారు. ఆ అంచు నిండా సీసా పెంకులు, పేలిన లారీ టైర్ల ముక్కలు. ఆ రబ్బరు ముక్కల్లోంచి వెంట్రుకంత సన్నటి ఇనుప తీగలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకటి అరికాల్లో దిగిందంటే పైకి కనిపించదు, కాలు మోపితే మాత్రం ప్రాణం లేచొస్తుంది. అందుకని స్వాములు అంచు వదిలేసి రోడ్డు చివర వేసిన తెల్లగీత మీదికి వస్తారు. ఆ రంగు నున్నగా ఉంటుంది, మధ్యాహ్నం తారు కాలినంతగా కాలదు. ఒకరి వెనక ఒకరు ఆ గీత మీదే పోతూ ఉంటారు. ఇంతలో ముందు ఒక లారీ ఆపి ఉంటుంది. దాన్ని దాటాలంటే గీత వదిలి రోడ్డు మీదికి రాక తప్పదు. చూసేవాళ్లకే టెన్షన్.

పైగా ఎండెక్కేలోపు ఎక్కువ దూరం పోవాలని తెల్లవారుజామున మూడింటికే బయల్దేరతారు. నల్ల లుంగీ, నల్ల కండువా, చుట్టూ చీకటి. డిసెంబరులో పెనుకొండ దాటి చిక్కబళ్లాపురం వైపు పోతే పొగమంచు కూడా తోడవుతుంది. రాత్రంతా బండి నడిపిన డ్రైవరుకు కళ్లు మూతలు పడే వేళా అదే. వెనక మెల్లగా వచ్చే సామాను బండి తమకు కాపలా అనుకుంటారు గానీ, వేగంగా వచ్చే బస్సుకు ముందు అడ్డం వచ్చేది ఆ బండే. సీజన్‌లో ఇలాంటి ప్రమాదాల వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తున్నాం.

దారి సంగతికి ముందు తేదీ సంగతి చూడాలి. హైదరాబాదు నుంచి సన్నిధానానికి, అంటే శబరిమల గుడికి, సుమారు 1,100 కిలోమీటర్లు. రోజుకు 30 కిలోమీటర్లు నడిచినా 37 రోజులు పడుతుంది. 41 రోజుల దీక్ష దాదాపు అంతా రోడ్డు మీదే గడుస్తుందన్నమాట. డిసెంబరు 26, 27 తేదీల్లో వచ్చే మండల పూజకు అందుకోవాలంటే నవంబరు మూడో వారంలోనే కదలాలి. అలా కదిలినవాళ్లు తమిళనాడులో అడుగుపెట్టే సరికి ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా పోయి ఉండవు. తడిసిన పాదాలకు పుండ్లు పడితే మానవు, ఇరుముడి తడవకుండా చూసుకోవడం మరో అవస్థ. జనవరి మధ్యలో వచ్చే మకరజ్యోతి కోసం డిసెంబరు మొదటి వారంలో బయల్దేరేవాళ్లు తమిళనాడుకు నెలాఖరుకు చేరతారు. అప్పటికి వానలు చాలావరకు తగ్గి చలి మాత్రం మిగులుతుంది. చలికి దుప్పటి ఉంది. జ్యోతి నాటి రద్దీ ఎక్కువన్న మాట నిజమే, అయినా నన్నడిగితే డిసెంబరులో కదలమనే చెబుతాను.

కోస్తా స్వాములది వేరే కథ. విజయవాడ, గుంటూరు, ఒంగోలు వాళ్లు 16వ నంబరు హైవే మీద నెల్లూరు దాకా పోయి అక్కడి నుంచి తిరుపతి వైపు తిరుగుతారు. 2021 నవంబరు వరదల్లో కోవూరు దగ్గర పడుగుపాడులో ఆ హైవే కోసుకుపోయి రాకపోకలే ఆగిపోయాయి. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. రెండూ మాల కాలంలోనే వచ్చాయి. తెలిసీ ఆ దారినే ఎందుకు పోతారంటే, అటు ఊరూరా అన్నదాన శిబిరాలున్నాయి. మధ్యాహ్నం భిక్షకూ, రాత్రి పడకకూ వెతుక్కోనక్కర్లేదు. వాళ్లను తప్పు పట్టలేం.

లోపలి దారి ఒకటి ఉంది. అనంతపురం నుంచి 42వ నంబరు రహదారి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోతుంది. బెంగళూరు ఫ్లైఓవర్ల గోల ఉండదు. కుప్పం దాకా మన భాషే, మన ఊళ్లే, కదిరి నరసింహస్వామి దర్శనం కూడా దారిలోనే. గుంటూరు వైపు వాళ్లు మార్కాపురం, గిద్దలూరు, కడప, రాయచోటి మీదుగా వస్తే మదనపల్లెలో ఇదే దారిలో కలుస్తారు. తుఫాను బెడద కోస్తాలో ఉన్నంత ఉండదు. అలాగని ఇది పూలబాటేమీ కాదు. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌లో మలుపులు ప్రమాదకరం, పగలే దాటి పాలకోవా కొట్ల దగ్గర కూర్చోవాలి. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అడవి ఏనుగులు తిరుగుతాయి. అక్కడ తెల్లవారుజాము నడక పనికిరాదు. ఇటు శిబిరాలూ తక్కువే.

కాబట్టి దేవాదాయ శాఖ చేయగలిగిన పని ఇక్కడే ఉంది. ఈ దారిలోని ఆలయాల సత్రాలు, కల్యాణ మండపాల్లో ఏవి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా స్వాములకు తెరిచి ఉంటాయో, ఒకదానికొకటి ఎంత దూరమో ఒక్క కాగితం మీద అచ్చువేస్తే చాలు. పడక ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే గురుస్వాములే దారి మార్చుకుంటారు.

నడిచేవాళ్ల కోసం రోడ్డు వేయడం కొత్త సంగతేమీ కాదు. మహారాష్ట్రలో పండరిపురానికి నడిచివెళ్లే వార్కరీ భక్తుల కోసం 2021 నవంబరులో శంకుస్థాపన చేసిన పాల్కీ (పల్లకి) మార్గాలకు పక్కనే కాలిబాట పెట్టారు. మనం అంత అడగడం లేదు. సీజన్ రెండు నెలలూ అంచులు ఊడ్పించి, లారీలను రోడ్డు పక్కన బండ్లు ఆపడానికి కట్టిన లే-బైలలోనే ఆపిస్తే అదే పదివేలు. 1033 హైవే హెల్ప్‌లైన్ నంబరు రాసిన బోర్డులు నడిచేవాడి కంటికి ఆనే ఎత్తులో పెట్టాలి.

కేరళ సరిహద్దు దాటాక దారి గొడవ తక్కువ. దిండిగల్, తేని, కుమిలి మీదుగా వండిపెరియార్ చేరినవాళ్లు దగ్గర్లోని సత్రం అనే చోటి నుంచి పుల్మేడు అడవి దారిన 12 కిలోమీటర్లు నడిచి సన్నిధానంలో దిగవచ్చు. లేదా ముండకాయం, ఎరుమేలి పోయి అళుదా నది, కరిమల కొండ మీదుగా పెద్దపాదం అనే పాత అడవి దారి పట్టవచ్చు. సత్రం దగ్గర అటవీ శాఖ నిర్ణీత వేళల్లోనే లోపలికి వదులుతుంది. ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఉండిపోవాలి. మొదటిసారి మాల వేసిన కన్నెస్వాములు పెద్దపాదమే కావాలంటారు, వాళ్ల ముచ్చట వాళ్లది. వయసు మీదపడిన స్వాములు అంతదూరం నడిచొచ్చాక కరిమల ఎక్కి మోకాళ్లు పోగొట్టుకోనక్కర్లేదు, పంబ నుంచి చిన్నపాదం అనే దగ్గరి దారి ఉంది. మకరజ్యోతి రోజున పుల్మేడు కొండ మీద గుమిగూడడం మాత్రం వద్దు. 2011 జనవరి 14న అక్కడ తొక్కిసలాటలో వందమందికి పైగా చనిపోయారు.

గురుస్వాములకు ఒక మనవి. దీక్షలో నల్లబట్ట వేసుకోవాలన్నారు గానీ దాని మీద మెరిసే పట్టీ కట్టుకోకూడదని ఎవరూ అనలేదు. వరసలో ముందున్నవాడికీ, చివరనున్నవాడికీ రేడియం జాకెట్లు, చేతిలో టార్చిలైటు లేకుండా చీకట్లో బృందాన్ని కదలనివ్వకండి. వాహనాలకు ఎదురుగా నడవండి, వెనక నుంచి వచ్చేదాన్ని ఎవరూ చూడలేరు. వీలైతే అయిదున్నర దాకా ఆగండి. ఆ రెండున్నర గంటల నడక సాయంత్రం పూడ్చుకోవచ్చు.

మాలలు పడేది నవంబరు మధ్యలోనే అయినా దారి, బృందం, బండి అన్నీ దసరాకే ఖాయమైపోతాయి. సత్రాల జాబితా ఆలోపే మన రెండు రాష్ట్రాల అయ్యప్ప ఆలయాల నోటీసు బోర్డుల మీదికి రావాలి. డిసెంబరులో వేస్తే ఎవరికీ పనికిరాదు.

ఇట్లు,
ఒక పాత స్వామి,
గుత్తి, అనంతపురం జిల్లా