ఆ 61 జీబీ ఎవరు తిన్నట్టు?

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తప్పు నాదే, తిట్టుకో. అమ్మ బాగానే ఉంది, చిన్నది ఒకటో తరగతిలో చేరింది, గచ్చిబౌలి ట్రాఫిక్ ఎప్పటిలాగే ఉంది. ఇక అసలు సంగతి. ఇది ఇంట్లో చెబితే ఎవరికీ అర్థం కాదు, నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

మా దగ్గర హైపర్-వీ హోస్టులు, అంటే లోపల బోలెడు వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే సర్వర్లు, మూడున్నాయి. ఒక్కోదానికీ 256 జీబీ ర్యామ్. అందులో రెండోది కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. రీబూట్ చేస్తే బాగుంటుంది, రెండు వారాలకు మళ్లీ మామూలే. కొత్త వీఎం స్టార్ట్ చేయబోతే మెమరీ చాలదంటుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెస్‌లన్నీ కూడినా నాలుగు జీబీ దాటవు. మేనేజర్ గారు ర్యామ్ కొందామన్నారు. నేను బ్యాకప్‌ని అనుమానించి వారం ఆపి చూశాను. పాపం, దాని తప్పేం లేదు.

మొన్న శుక్రవారం రాత్రి పదకొండు దాటాక మెమరీ పేజీలో కింద మూలనున్న 'నాన్‌పేజ్డ్ పూల్' మీద కన్ను పడింది. 61 జీబీ! మిగతా రెండింట్లో ఒక్క జీబీ కూడా లేదు. అది కెర్నల్ (విండోస్ గుండెకాయ అనుకో), డ్రైవర్లు ర్యామ్‌లో వాడుకునే చోటు. ప్రాసెస్‌ల లెక్కలోకి రాదు. హాస్టల్లో కుళాయిలన్నీ బిగించాక లీకు మెట్ల కింద పైపులో దొరికిందే, అచ్చం అలాగే. వార్డెన్ లుంగీ సంగతి కూడా... సరే, అదిప్పుడొద్దు.

ఆ పూల్‌లో ఎవరెంత తీసుకున్నారో చూపించే పూల్‌మాన్ అనే టూల్ తెరిచి, 'పీ' నొక్కి నాన్‌పేజ్డ్ ఒక్కటే ఉంచి, 'బీ' నొక్కి బైట్ల లెక్కన సర్దాను. పైవరసలో నాలుగక్షరాల ట్యాగ్, అంటే మెమరీ తీసుకున్న డ్రైవర్ పెట్టుకునే గుర్తు. తీసుకున్నవెన్ని, తిరిగిచ్చినవెన్ని అని పక్కపక్కన రెండంకెలు. మొదటిది ఉండుండి పెరుగుతోంది, రెండోది చచ్చినా కదలదు. డ్రైవర్ల ఫోల్డర్లో ఆ ట్యాగ్‌ని ఫైండ్‌స్టర్ కమాండ్‌తో వెతికితే ఒక్క ఫైలే దొరికింది. స్టోరేజ్ వాళ్ల మల్టీపాత్ డ్రైవర్, సర్వర్ నుంచి స్టోరేజ్‌కి వెళ్లే దారులన్నీ (పాత్‌లు) చూసుకునేది!

కానీ అదే డ్రైవర్ మూడింట్లోనూ ఉంది కదరా. ఈవెంట్ లాగ్ తెరిస్తే, రెండోదాంట్లో మాత్రం స్టోరేజ్ పాత్ పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. తెగి అతుక్కున్న ప్రతిసారీ ఆ డ్రైవర్ కాస్త మెమరీ తీసుకుని తిరిగివ్వడం మర్చిపోతోందన్నమాట.

శనివారం పొద్దున్నే డేటా సెంటర్‌కెళ్లి ర్యాక్ వెనక దూరాను. ఒక ఫైబర్ కేబుల్ క్లిప్పు విరిగి ఉంది. ఎవరో మహానుభావుడు టేపు చుట్టాడు. ఫ్యాన్ గాలికి టేపు కొస రెపరెపలాడుతోంది. వేలు తగిలితే చాలు, పోర్టు లైటు ఆరి వెలుగుతోంది. వీఎంలను ఆపకుండానే లైవ్ మైగ్రేషన్‌తో పక్క హోస్టులకు పంపేసి, కేబుల్ మార్చి, రీబూట్ చేశాను. నాలుగు రోజులుగా పూల్ 800 ఎంబీ దగ్గరే ఉంది. డ్రైవర్ సంగతి అడిగితే సపోర్ట్ వాళ్లు లాగ్స్ పంపమన్నారు. పంపాను. మళ్లీ పంపమన్నారు.

ఆఫీసులో అందరూ భుజం తట్టారు. నాకే లోపల ఎలాగో ఉంది. ఆ టేపు మీద గులాబీ రంగు సీతాకోకచిలుకలున్నాయిరా. మా చిన్నది పుస్తకాల అట్టలకు వేసుకునే టేపు. మార్చిలో ఓ రాత్రి ఆ ర్యాక్ తెరిచింది నేనే, రేపు మారుద్దాంలే అనుకుని

క్యాబ్ వాడు కిందనుంచి ఫోన్ మీద ఫోన్. మిగతాది తర్వాత రాస్తా. ఎవరితోనూ అనకు.

నీ
చందు