సైరన్ పెడతారు సరే, రేపు దాన్ని చూసుకునేదెవరు మంత్రి గారూ?

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హిమాలయ ప్రాంతాలకు వేసే ప్రణాళికల్లో ఉపగ్రహ చిత్రాలు, సెన్సర్లు, రక్షణ గోడలు దండిగా ఉంటున్నాయి. ఉండాల్సిందే. వాటిని రేపు ఎవరు కాపాడతారు, అందుకు వాళ్లకేం దక్కుతుంది అన్నది మాత్రం ఎక్కడో చివరి పేరాలో ఒదిగిపోతోంది.

నేపాల్‌లోని త్సో రోల్పా హిమానీనద సరస్సు తెగితే కింది ఊళ్లను హెచ్చరించాలని 1990ల చివర్లో సైరన్లు పెట్టారు. కొన్నేళ్లకే అవి మూగబోయాయి.

హర్యానాలోని సుఖోమాజ్రీ అనే ఊరి కథ వేరు. 1970ల్లో చండీగఢ్‌లోని సుఖ్నా చెరువు పూడిపోతుంటే, ఆ మట్టి ఎక్కడిదని వెతుకుతూ వెళ్లినవాళ్లు శివాలిక్ కొండల్లోని ఈ ఊరు చేరారు. మేకలు మేసి మేసి గుట్టలు బోడి అయిపోయాయి. మట్టికట్టలు వేసి వాననీరు ఆపడం ఇంజినీర్లకు తెలిసిన పనే. ఆ నీటిలో సెంటు భూమి లేని కుటుంబానికి కూడా వాటా ఇచ్చారు చూడండి, మలుపు అక్కడుంది. వాటా దక్కాక గుట్టల మీద మేపడం ఊరివాళ్లే మానుకున్నారు. కంచె వేసే ఖర్చు కూడా తప్పింది!

సిక్కింలో ఊటలను బతికించడానికి 2008లో మొదలైన ధారా వికాస్ పథకానిదీ అదే దారి. ఎండిపోతున్న ఊటకు నీరు ఇంకే చోటు ఎక్కడో పైన ఉంటుంది, ఒక్కోసారి కొండకు అవతల కూడా. రాతిపొరల వాలు చదవగలిగితేనే అది దొరుకుతుంది. దొరికిన చోటు ఇంకొకరి పొలమైతే? కందకం తవ్వాలంటే ఆ రైతును ఒప్పించాలి, అది ఏ యంత్రమూ చేయలేదు. అందుకే అక్కడ స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఉపాధి హామీ కింద పనులు చేయించారు.

ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణం పాత కొండచరియల శిథిలాల మీద ఉందని, భారీ నిర్మాణాలు వద్దని ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. 2023 జనవరిలో ఇళ్లు బీటలువారాయి. శాస్త్రం తన పని తాను చేసింది. ఆ నివేదిక పట్టుకుని పనులు ఆపించే అధికారం అక్కడి జనానికి లేకపోయింది, అంతే.

కాబట్టి నేను అడిగేది ఇదీ: కొండ ప్రాంతంలో ఏ ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చినా, ప్రమాద పటాలను స్థానిక భాషలో గ్రామసభ ముందు పెట్టాలి. పరికరాల నిర్వహణ జీతాలు స్థానికులకే వెళ్లాలి, ఆ డబ్బు ప్రాజెక్టు ఖర్చులోనే ముందుగా పక్కన పెట్టాలి. ఈ రెండూ అనుమతి పత్రంలో షరతులుగా ఎప్పటినుంచి చేరుస్తారో చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరుడు