మెట్ల దారి తెరిచి ఉంచు తమ్ముడూ

నేపర్‌విల్, ఇల్లినాయ్

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మీ స్కూల్లో అగ్నిప్రమాద జాగ్రత్తల బాధ్యత నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. ఫోనులో అయితే సగం మాటలు గాలికి పోతాయి. ఇది మీ హెడ్‌మిస్ట్రెస్ గారికి కూడా చూపించవచ్చునని రాస్తున్నాను.

మేముండే చోటికి దగ్గరే చికాగో. అక్కడ 1958 డిసెంబరు 1న ఒక స్కూలు తగలబడి 92 మంది పిల్లలు, ముగ్గురు నన్‌లు చనిపోయారు. మంట మొదలైంది అడుగున, మెట్ల పక్క చెత్త పీపాలో. కింది అంతస్తులో మెట్లకూ వరండాకూ మధ్య తలుపు ఉంది, అది మూసి ఉంది. పై అంతస్తులో ఆ తలుపే లేదు. మెట్ల దారి పొగగొట్టమైపోయి పొగంతా పైకే ఎగదన్నింది. పైనున్న పిల్లలకు కిటికీలు తప్ప దారి లేకపోయింది. అంతకు కొద్ది వారాల ముందే ఆ భవనం తనిఖీలో నెగ్గింది! పాత కట్టడం కాబట్టి కొత్త నిబంధనలు వర్తించవన్నారు. అందుకే చెబుతున్నాను, అభ్యంతరం లేదని ఫైర్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ కాగితం గోడకు తగిలించి ఉందని ధీమా పడవద్దు.

మన దగ్గర తమిళనాడులోని కుంభకోణం స్కూలు సంగతి నీకు తెలిసిందే. 2004 జూలై 16న 94 మంది పిల్లలు మంటల్లో పోయారు. వంటపాక నుంచి నిప్పు పూరికప్పుకు అంటుకుంది, దిగడానికి ఉన్నది ఇరుకు మెట్లు. ఆ ప్రమాదం తర్వాత వేసిన వ్యాజ్యంలోనే 2009లో సుప్రీంకోర్టు దేశంలోని స్కూళ్లన్నిటిలో మంటలార్పే పరికరాలు ఉండాలని, సిబ్బందికి వాటిని వాడటం నేర్పాలని ఆదేశించింది.

మీ సత్యనారాయణపురం సందుల్లో స్కూళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అపార్టుమెంటులాంటి మేడ, మెట్ల కింద కరెంటు మీటర్లు, వాటి పక్కనే ఇన్వర్టరు, విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల కట్టలు. ముందు ఆ సామానంతా తీయించు. మిగతావన్నీ తర్వాత. వెనక మెట్లకు ఇనుప గ్రిల్ గేటు ఉంటే, బడి నడిచేంతసేపూ దానికి తాళం ఉండకూడదు. దొంగల భయమంటారు, పిల్లలు బయటికి పోతారంటారు. అయితే అక్కడొక ఆయాను కూర్చోబెట్టమను. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉందన్న మాట ఒప్పుకోవద్దు. పొగలో వాచ్‌మన్‌ను ఎవరు వెతుకుతారు? ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు పై అంతస్తులో ఉంటే ఈ వేసవి సెలవుల్లోనే వాళ్లను కిందికి మార్పించు.

ఇక గంట. మంట లేచిందంటే ముందు మెయిన్ ఆపేస్తారు. అప్పుడు కరెంటు బెల్లు మోగదు. అంతస్తుకొకటి చొప్పున చేత్తో కొట్టే గంట పెట్టండి. దాని మోత మధ్యాహ్నం భోజనాల గంటలా ఉండకూడదు.

ఇక్కడి చట్టం ప్రకారం ఏడాదికి కనీసం మూడుసార్లు పిల్లల్ని బయటికి తీసుకొచ్చే డ్రిల్ చేయాలి. అందులో ఒకటి ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కూడా పాల్గొనగా జరగాలి. నేను చూసిన డ్రిల్‌లో టీచరు హాజరు పట్టీ చేతిలో పట్టుకుని అందరికన్నా చివర బయటికి వచ్చింది, వస్తూ గది తలుపు దగ్గరగా వేసింది, గడియ పెట్టలేదు. మైదానంలో పేర్లు పిలిచి, అందరూ ఉంటే పచ్చ అట్ట, ఒక్కరు తగ్గినా ఎర్ర అట్ట పైకెత్తాలి. ఒక క్లాసు నుంచి ఎర్ర అట్ట లేచింది. బాత్రూముకు వెళ్లిన పిల్లవాడు వేరే క్లాసు వరసలో దొరికేదాకా ఎవ్వరూ కదల్లేదు. నాకు కళ్లు చెమర్చాయి. మీరూ పేర్లు పిలిచే పద్ధతి తప్పక పెట్టుకోండి, తలలు లెక్కపెడితే చాలదు.

పిల్లలు ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకో. రోడ్డు మీద కాదు, కాలువ గట్టు మీద అసలే వద్దు, ఫైరింజను వచ్చే దారికి అడ్డంగానూ వద్దు. దగ్గర్లో గుడి ప్రాంగణమో కల్యాణమండపమో ఉంటే వాళ్లను అడిగి ఒప్పించు. మొదటిసారి చెప్పి చేయండి. రెండోసారి చెప్పకుండా, ఒక మెట్ల దారికి కుర్చీ అడ్డం పెట్టి "ఇక్కడ పొగ ఉంది" అని అట్ట తగిలించి చేయండి. అప్పుడు తెలుస్తుంది ఎవరికి రెండో దారి తెలుసో.

పొగ ఉన్నచోట వంగి, నేలకు దగ్గరగా పాకాలని, సంచుల కోసం వెనక్కి రాకూడదని పిల్లలకు నేర్పండి. వరండా అంతా పొగ నిండితే బయటికి దూకించకుండా తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కేకలు వేయడమే మేలు. మంటలార్పే ఎర్ర సిలిండరు సుమారు పావు నిమిషంలో ఖాళీ అవుతుంది. అది చిన్న మంటకే, అదీ పిల్లలు బయటపడ్డాక. ఎవరైనా ఒకరు 101కు ఫోను చేసే బాధ్యత తీసుకోవాలి, వారు రాని రోజున ఇంకొకరు. నడవలేని పిల్లలుంటే ఒక్కొక్కరికీ ఒక పెద్దవాళ్లను పేరుపేరునా కేటాయించండి.

ఫైర్ స్టేషన్‌కు వెళ్లి అడిగితే ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో వాళ్లే వచ్చి చేసి చూపిస్తారేమో కనుక్కో. హెడ్‌మిస్ట్రెస్ గారు ఖర్చని వెనకాడితే గంటలకు, అట్టలకు అయ్యేది నేను పంపుతాను, మొహమాటపడకు. మొదటి డ్రిల్ అయ్యాక ఎంతసేపు పట్టిందో, ఎక్కడ తోపులాట జరిగిందో రాయి.

అమ్మకూ నాన్నకూ నమస్కారాలు. మరదలికీ పిల్లలకూ ముద్దులు.

మీ అక్క