తరగతి గడిలో ఏమి రాయమంటారు మంత్రిగారూ?

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

ఇంతకుముందు రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బడి గుర్తింపు ఫైలు రెండేళ్ళుగా మీ శాఖలో తిరుగుతోంది. మామిడితోటలో రెండు పెంకుటిళ్ళు, 23 మంది పిల్లలు, నలుగురు పెద్దలం. దరఖాస్తు మూడుసార్లు వెనక్కి వచ్చింది. మూడుసార్లూ తగువు ఒక్క గడి దగ్గరే: ‘తరగతివారీ విద్యార్థుల సంఖ్య.’

మా దగ్గర తరగతులు లేవండీ. తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు పన్నెండేళ్ళ వాళ్ళతో కూర్చుని కథలు చదువుతాడు, భాగహారం దగ్గర ఏడేళ్ళ చెల్లెలితో సమానం. వాడిని ఏ గడిలో వేయమంటారు? చివరిసారి తెగించి, వయసును బట్టి అంకెలు వేసి పంపాం. అప్పుడు తరగతికో హాజరుపట్టీ, తరగతికో టైంటేబుల్ అడిగారు.

తనిఖీకి వచ్చినవారు మర్యాదస్తులే. ‘ఇప్పుడు ఏ పీరియడ్ నడుస్తోంది?’ అన్నారు. ఆ సమయానికి ఇద్దరు నూతిగట్టు మీద చదరంగం ఆడుతున్నారు. ముగ్గురు పాత సైకిలు చక్రం విప్పి చువ్వలు లెక్కపెడుతున్నారు. ఒకమ్మాయి గుగ్గిళ్ళ లెక్క రాస్తోంది. ఒకడు చెట్టెక్కి ఊరికే కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నివేదికలో అది ‘బోధన జరగడం లేదు’ అయింది.

ఆ గుగ్గిళ్ళ లెక్క గురించి ఒక్క మాట అడిగినా బాగుండేది. మా దగ్గర చేరేనాటికి లెక్కల పుస్తకం చూస్తేనే ఆ అమ్మాయికి కడుపునొప్పి వచ్చేది. పది నెలలు మేము దాని ఊసెత్తలేదు (ఆ పది నెలలూ నాకు సరిగా నిద్ర లేదు, అది వేరే సంగతి). ఒక శుక్రవారం పిల్లల సభలో చిరుతిళ్ళ ఖర్చు చూసే పని తానే అడిగి తీసుకుంది. కిలో శనగలు ఎంతమందికి సరిపోతాయి, పోయిన నెల కంటే ధర ఎంత పెరిగింది అంటూ శాతాల దాకా వచ్చింది. ఇది ఏ పీరియడో నాకు నిజంగానే తెలియదు.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ మీకు నేను చదివి వినిపించాలా? పనుల ద్వారా, అన్వేషణ ద్వారా, పిల్లలే కేంద్రంగా, భయం లేకుండా చదువు సాగాలని అందులోనే ఉంది. గుర్తింపు లేని బడికి లక్ష రూపాయల దాకా, ఆపకపోతే రోజుకు 10,000 రూపాయల జరిమానా అని 18వ సెక్షన్‌లో ఉంది. మీ శాఖకు కనిపించింది రెండోదే. నోటీసు అందింది, సంతోషం. ప్రత్యామ్నాయ పద్ధతులను ప్రోత్సహించడానికి నిబంధనలు సడలిస్తామని 2020 జాతీయ విద్యావిధానం అంది. ఆ సడలింపు ఎక్కిన బస్సు మా మండలానికి ఇంకా చేరలేదు.

ఇదేమీ మేము కనిపెట్టిన వింత కాదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాసంస్థ వారి పల్లె బడుల్లో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఎవరి పాఠాల కార్డులతో వాళ్ళు, ఎవరి వేగంతో వాళ్ళు చదువుకుంటారు. చెన్నై నుంచి వచ్చి చూసి, తమిళనాడు ఆ పద్ధతిని ప్రభుత్వ బడుల్లోకి తీసుకుపోయింది. ఇంగ్లండులో పిల్లలు పాఠానికి వెళ్ళడమూ మానడమూ వాళ్ళ ఇష్టానికే వదిలేసిన సమ్మర్‌హిల్ బడి మీద ప్రభుత్వం ఒత్తిడి తెస్తే, 2000లో వ్యవహారం లండన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. రాజీకి ఒప్పుకోవాలో వద్దో ఆ న్యాయస్థానం గదిలోనే పిల్లలు సభ పెట్టుకుని తేల్చుకున్నారు. మా పిల్లల మాట వినడానికి న్యాయస్థానం అక్కర్లేదు, తమరు ఒక పూట వస్తే చాలు.

మొన్న వేసవిలో ఒక కుటుంబం వెళ్ళిపోయింది. పిల్లకు బడి నచ్చక కాదు. మాకు యూడైస్ కోడ్ (సర్కారు లెక్కల్లో బడికి ఇచ్చే సంఖ్య) లేదు, కోడ్ లేని బడి పిల్లకు విద్యార్థి నంబరు లేదు, నంబరు లేకపోతే రేపు ఏ హైస్కూలు చేర్చుకుంటుందోనని తండ్రికి బెంగ. వెళ్ళేటప్పుడు ఆయనే నన్ను ఓదార్చాడు.

గుర్తింపు ఇవ్వండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసివ్వండి. అదీ కుదరకపోతే ఆ గడిలో ఏమి రాయాలో అయినా చెప్పండి. వచ్చే సోమవారం గ్రీవెన్సుకు నాలుగోసారి దరఖాస్తు పట్టుకుని వస్తున్నాం.

తమరు మా బడికి వస్తే మాత్రం చెప్పులు గడప బయట విడవాలి. అది పిల్లల సభ తీర్మానం, మార్చడం మా చేతుల్లో లేదు.

ఇట్లు,
మామిడితోట బడి ఉపాధ్యాయురాలు