బుజ్జమ్మకు, అమ్మమ్మ గురించి

బొబ్బిలి

చిరంజీవి బుజ్జమ్మకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. మొన్నటి గాలికి పెరట్లో ములగచెట్టు కొమ్మ విరిగినా కాపు నిలిచింది. చిన్నత్తయ్య వాళ్ళు కొత్త ఇంట్లోకి మారారు. నీ ఫోను వచ్చి చాలా రోజులైంది. పని ఒత్తిడి వల్లే చేసి ఉండదని నాన్నగారు అంటున్నారు, నేనూ అలాగే అనుకుంటున్నాను. చంటి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఒక మాట అన్నాడు గాని, ఆ సంగతి తర్వాత వ్రాస్తాను.

అమ్మమ్మ సంవత్సరీకం దగ్గర పడుతున్నది. ఆ రోజు వచ్చినవారికి పంచడానికి ఆవిడ గురించి ఒక చిన్న కాగితం అచ్చు వేయించాలని పెద్దమావయ్య అనుకుంటున్నాడు. ఏమేమి ఉండాలో నన్ను వ్రాయమని ఒక నమూనా కూడా పంపాడు. అందులో సేవామూర్తి అనీ త్యాగమయి అనీ ఉన్నది. ఆ మాటలు అబద్ధమని నేను అనను, కానీ రెండుసార్లు చదివినా వాటిలో మా అమ్మ నాకు కనిపించలేదు. ఆవిడ చేసిన పని ఏమిటో తెలిసిన మనిషి మన ఇంట్లో నర్సువైన నువ్వొక్కదానివే కనుక, మావయ్యకు పంపే ముందు నీకు వ్రాస్తున్నాను.

అమ్మ కాన్పులు, టీకాలు చూసే నర్సుగా ఏ.ఎన్.ఎం. శిక్షణ ముగించుకుని ఇక్కడి పల్లెల్లో పనికి చేరేనాటికి ఇది శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడిన తర్వాత అదే గదిలో, అదే బల్ల మీద కూర్చుని, రిజిస్టర్ల అట్టల మీద జిల్లా పేరు మార్చి వ్రాసింది. చేరిన మొదటి సంవత్సరాల్లో మశూచికం టీకాల కోసం ఇంటింటికీ తిరగడమే పెద్ద పని. రెండు మొనల సూదితో చర్మం మీద పదిహేను పోట్లు గబగబా వేయాలి. అమ్మవారు పోసిన ఇంటికి సూదితో వస్తే తల్లికి ఆగ్రహం వస్తుందని జనం తలుపులు మూసుకునేవారట. అమ్మ ఎవరితోనూ వాదించకుండా, ముందు ఆ ఊరి వేపచెట్టు దగ్గర దణ్ణం పెట్టుకుని, తర్వాత తలుపు తట్టేదని తాతయ్యగారు చెప్పేవారు. మన దేశంలో ఆ జబ్బు 1975తో పోయింది. నీ చేతి మీద ఆ టీకా మచ్చ లేకపోవడానికి కారణమైన వేలాదిమందిలో అమ్మమ్మ ఒకతె అని కాగితంలో తప్పకుండా ఉండాలి.

మంత్రసానుల సంగతి కూడా ఉండాలి. వాళ్ళను ఆవిడ ఏనాడూ కించపరచలేదు. చేతులు సబ్బుతో మోచేతుల వరకు కడుక్కోవడం, బ్లేడు, దారం నీళ్ళలో మరగబెట్టడం, కోసిన బొడ్డు మీద పేడ గాని బూడిద గాని పెట్టకపోవడం, ఈ మూడే మళ్ళీ మళ్ళీ చెప్పేది. గర్భిణులకు ధనుర్వాతం రాకుండా వేసే టి.టి. సూదులు తప్పిపోకుండా చూసేది. పుట్టిన వారం రోజులకే పసిబిడ్డ దవడలు బిగుసుకుపోయి పాలు తాగలేక చనిపోవడం ఆవిడ కళ్ళారా చూసింది. తల్లీబిడ్డల ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా లేని దేశమని 2015లో మనకు గుర్తింపు వచ్చినప్పుడు, నాన్నగారి చేత పేపరులో ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నది.

చంటి అన్న మాట ఇది. నీ వార్డులో పసిబిడ్డ తల్లి ఒకామె నీ డ్యూటీలో చనిపోయిందనీ, అప్పటినుంచి నువ్వు ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదనీ, రాజీనామా వ్రాసి ఉంచుకుని ఏదో బీమా ఆఫీసులో కుర్చీ పని కోసం విచారిస్తున్నావనీ చెప్పాడు. చంటి చెప్పేవన్నీ నమ్మే అలవాటు నాకు లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను నీకు సలహా చెప్పబోవడం లేదు. ఒక్క సంగతి మాత్రం, రాజీనామా లాంటివి రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఉదయం వ్రాయకూడదు. ఖాళీ కడుపుతో అసలే వ్రాయకూడదు. డ్యూటీకి ముందు అన్నం తిని వెళుతున్నావా? క్యాంటీను టీతో రాత్రంతా గడిపితే మనిషికి ఆలోచన నిలకడగా ఉండదు. నీళ్ళ సీసా దగ్గర పెట్టుకో. పిక్కలు లాగుతున్నాయన్నావు కదా, కొన్న మేజోళ్ళు పెట్టెలో దాచుకోకుండా వేసుకో. పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకో. పగలు నిద్రపోయే గదికి మందమైన తెర కట్టించమని ఎన్నోసార్లు చెప్పాను.

అమ్మమ్మకు కూడా అటువంటి రాత్రి ఒకటి ఉన్నది. మావయ్యలు అప్పటికి చిన్నవాళ్ళు కనుక వాళ్ళకు తెలియదు. నాకు ఎనిమిదో ఏడు. వర్షాకాలం, వేగావతి పొంగి ఉన్నది. ఏటి అవతలి ఊరి నుంచి ఇద్దరు మనుషులు లాంతరు పట్టుకుని వచ్చారు. నడుము లోతు నీటిలో వాళ్ళ భుజాలు పట్టుకుని, పెట్టె తల మీద పెట్టించుకుని అమ్మ దాటి వెళ్ళింది. వెళ్ళేటప్పటికే కాన్పు అయింది, మాయ కూడా పడింది, రక్తం ఆగడం లేదు. ఆమెకు అది నాలుగో కాన్పు. అమ్మ మూత్రం తీయించి, పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడేదాకా మర్దన చేసి, ఉన్న ఒక్క ఇంజక్షనూ ఇచ్చి, బిడ్డను రొమ్ముకు పట్టించి, మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టించింది. రక్తస్రావం తగ్గింది కూడా. అయినా తెల్లవారకముందే ఆ తల్లి చనిపోయింది. ఏరు తగ్గితే బొబ్బిలి ఆస్పత్రికి తీసుకువెళ్ళాలని బండి కట్టి సిద్ధంగా ఉంచారట.

అమ్మ మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి స్నానం చేసి, గోడ వైపు తిరిగి పడుకున్నది. తాతయ్యగారు బడికి సెలవు పెట్టి మాకు వండి పెట్టారు. ఆవిడ అన్నం ముట్టుకోలేదు, మమ్మల్ని దగ్గరకు రానివ్వలేదు. ఇంక ఈ పనికి వెళ్ళనని తాతయ్యగారితో చెప్పడం నేను విన్నాను. ఆయన సరేనన్నారు. అంతకంటే ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు అమ్మ పని చూసే పైఅధికారి హెల్త్ విజిటర్ గారు సైకిలు మీద వచ్చారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. చాప మీద అమ్మ పక్కన కూర్చుని, లాంతరు మనుషులు వచ్చిన సమయం దగ్గర నుంచి వరుసగా చెప్పమన్నారు. ఎన్నింటికి ఏరు దాటావు, వెళ్ళగానే నాడి ఎంత ఉన్నది, ఇంజక్షను ఎప్పుడు ఇచ్చావు, ఎన్ని గుడ్డలు తడిశాయి, ఒక్కొక్కటే అడిగి, ఒక్కొక్కటే వ్రాయించారు. వ్రాస్తూ వ్రాస్తూ మధ్యలో అమ్మ ఏడ్చింది. ఆవిడ ఆగి, మళ్ళీ అడిగారు. పొద్దు వాలేదాకా అలా సాగింది. పోయినంత రక్తానికి మామూలు ఒళ్ళయితే తట్టుకునేదనీ, ఆమె ఒంట్లో ముందే రక్తం లేదనీ చివరకు తేలింది.

రెండు రోజుల తర్వాత అమ్మ మళ్ళీ పనికి వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి గర్భిణికీ ఒంట్లో రక్తం ఉన్నదో లేదో కింది కనురెప్ప దించి చూడకుండా ఏ గడపా దిగలేదు. నూరు ఐరన్ మాత్రల పొట్లం చేతిలో పెట్టి వచ్చేయడం మానేసింది. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని, విరేచనం నల్లగా అవుతుందని భయపడి ఆడవాళ్ళు మాత్రలు చూరులో దోపేసేవారు. ఆ నలుపు మందు వల్లనేనని ముందే చెప్పేది. వికారం లేకుండా రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనేది, టీతో వద్దని, ఉసిరికాయో నిమ్మకాయో నంచుకోమని చెప్పేది, వెళ్ళిన రోజున తన ఎదురుగా ఒకటి మింగించేది. ఇది త్యాగమో కాదో మావయ్య తేల్చుకోవచ్చు. నాకు తెలిసిన అమ్మ మాత్రం ఇదే.

నీ విషయంలోనూ ఆవిడ అంతే. రెండో ఏట నీకు జలుబు చేసి ఆయాసం వచ్చినప్పుడు నేను విక్స్ రాస్తూ కూర్చున్నాను. ఆవిడ నీ చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. ఆ వయసుకు నలభైకి చేరితే ఇంట్లో ఉంచకూడదని, రాత్రికి రాత్రే నిన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి బయలుదేరింది. నువ్వు నర్సింగులో చేరిన రోజున అదే గడియారం నీకు ఇచ్చింది. దానికి బ్యాటరీ వేయించావా?

నువ్వు ఈ పని చేసి తీరాలని నేను అనడం లేదు, బుజ్జమ్మా. బీమా ఆఫీసు పని కూడా గౌరవమైన పనే, నాన్నగారూ అదే అంటున్నారు. కానీ ఆ ఒక్క రాత్రి కోసమే మానేస్తున్నట్లయితే, ముందు ఆ రాత్రిని ఎవరికైనా గంటల వారీగా చెప్పు. మీ సీనియర్ సిస్టరుకు చెబితే మంచిది. ఆవిడతో కుదరకపోతే నాకు చెప్పు. వైద్యం నాకు తెలియదు. అయినా ఎన్నింటికి ఏమైందని అడగడం, నువ్వు చెప్పింది వ్రాయడం నాకు వచ్చు. ఎంతసేపైనా వింటాను. అమ్మ వ్రాసుకున్న ఆ పుటలు పెట్టెలో దొరికాయి. పేర్లు ఉన్నచోట కాగితం కప్పి నకలు తీయించి దీనితో పంపుతున్నాను. చేతివ్రాత వణికినట్టు ఉంటుంది, నెమ్మదిగా చదువు.

చోడి పిండి, నువ్వుండలు, ఉసిరికాయ పచ్చడి చంటి చేత పంపాను. పచ్చడి సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు, తడి చెంచా ముంచకు. సంవత్సరీకానికి ముందురోజే వచ్చేటట్లు సెలవు పెట్టుకో. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు దొరికితేనే ఎక్కు, పెట్టె సీటు కిందికి తోసి గొలుసు వెయ్యి. విజయనగరంలో దిగితే నాన్నగారు స్టేషనుకు వస్తారు. టికెట్టు తీసిన రోజున, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, ఫోను చెయ్యి.

మీ అమ్మ