నానమ్మకు, షానన్ ఒడ్డు నుంచి

అత్లోన్, ఐర్లాండ్,
సెప్టెంబర్ 15

నానమ్మా,

ఎలా ఉన్నావు? కంట్లో చుక్కలు వేసుకుంటున్నావా, సీసా దేవుడి గూట్లో పెట్టి మర్చిపోయావా? తమ్ముడు ఇది చదివేటప్పుడు మధ్యలో ఎగ్గొట్టకుండా చూసుకో.

మొన్న ఆదివారం డ్యూటీ లేక క్లాన్‌మక్‌నాయిజ్ వెళ్లాను. మా ఊరికి దగ్గరే, షానన్ నది పక్కన. 6వ శతాబ్దంలో కియరాన్ అనే సన్యాసి మఠం పెట్టిన చోటు. ఇప్పుడు కప్పుల్లేని చర్చీలు, సమాధులు, గడ్డి. వాన సరేసరి. 4 మీటర్ల రాతి శిలువకి తడుస్తూ తెగ ఫొటోలు తీశాను. తీరా చూస్తే అది నకలట! అసలుది లోపల మ్యూజియంలో పొడిగా ఉంది.

ఆ పక్కనే సమాధి రాళ్లు. ఇక్కడ దొరికినవి 600కు పైనే. నడుమ శిలువ, పక్కన ఒక పేరు, ముందు 'ఓర్ దో' అని. అంటే 'ఫలానావాడి కోసం ప్రార్థించు' అని. ఒకదాని మీద 'తువాతల్ సేర్' అని ఉంది. సేర్ అంటే పనివాడు, మన మేస్త్రీ లాంటివాడన్నమాట. రాజు కాదు, గురువూ కాదు. నాకొచ్చినట్టు పలికి, అతని కోసం దణ్ణం పెట్టుకున్నాను. అడిగాడుగా మరి.

కియరాన్ చర్చి మన వంటింటంత ఉంటుందేమో. లోపల నేల బయటికంటే పల్లం. తరతరాలుగా రైతులు అక్కడి మట్టి పట్టుకెళ్లి పొలం నాలుగు మూలలా వేసేవారట, పంటకీ గొడ్డుకీ ఏమీ కాకుండా. విత్తనాల బస్తాకి నువ్వు పసుపు రాయడం గుర్తొచ్చింది.

కొంచెం అవతల ఆయన పేరుతోనే బావి. గిలకా చేదా ఉంటాయనుకున్నాను. చూస్తే చిన్న చెలమ! ఇక్కడ ఇలాంటి బావుల దగ్గర సూర్యుడు తిరిగే వైపే ప్రదక్షిణలు చేస్తారు. కొన్నిచోట్ల గుడ్డపీలిక తడిపి, నొప్పి ఉన్నచోట అద్ది, చెట్టుకి కడతారు. పీలిక చీకిపోయేసరికి నొప్పి పోతుందట. ఈమధ్య కొందరు నైలాన్ రిబ్బన్లు కడుతున్నారు. అవెప్పటికి చీకాలి, పాపం!

'కళ్ల బావి' అనే పేరున్నవి కూడా ఈ దేశంలో చాలానే ఉన్నాయి. సెలవు దొరికితే ఒకదానికి వెళ్లి నీ పేరు చెప్పుకుని వస్తాను. అందాకా ఆ చుక్కలు మాత్రం మానకు.

నీ మనవరాలు