బొప్పాయికి దొరికిన చోటు ఈ జబ్బుకు దొరకలేదా?

సంపాదకులకు,

మూడు వారాల కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వరుస అబార్షన్ల మీద అరపేజీ వ్యాసం వేశారు. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మా వీధిలో ఇద్దరు ఆ కటింగ్ ఫొటో తీసి నా ఫోనుకే పంపి, "మీ కోడలికి చూపించండి మేడం" అన్నారు. ఇక రాయక తప్పలేదు.

ఇంతకీ వ్యాసంలో ఏముంది? టెన్షన్ తగ్గించుకోవాలి, ఉద్యోగానికి కొన్నాళ్లు సెలవు పెట్టాలి, స్కూటీ నడపొద్దు, బయటి తిండి మానాలి, లేటు పెళ్లిళ్లు మంచివి కావు. గర్భం పోయే ముప్పును పెంచే ఎండోమెట్రియోసిస్ అనే గర్భసంచి పొర జబ్బు పేరు మాత్రం వెతికినా కనపడలేదు. బొప్పాయి మాత్రం రెండుసార్లు కనపడింది. వ్యాసం కిందే సంతాన సాఫల్య కేంద్రం ప్రకటన, నవ్వుతున్న బిడ్డ బొమ్మతో సహా.

మా కోడలికి నాలుగేళ్లలో మూడుసార్లు కడుపు పోయింది. ఒక్కసారీ మూడో నెల నిండలేదు. మొదటిసారి "నీళ్ల బకెట్ ఎత్తింది, అందుకే" అన్నది వేరెవరో కాదు, ముప్పై ఒక్కేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పిన నేనే. అప్పుడు నేనన్న మాటలే ఇప్పుడు డాక్టరు పేరుతో అచ్చులో కనపడ్డాయి, ఒళ్లు మండదా మరి?

మూడోసారి పోయాక చూపించిన డాక్టరమ్మ ముందుగా అడిగింది "డేట్ వచ్చినప్పుడు నొప్పి ఎలా ఉంటుందమ్మా?" అని. అంతకుముందు చూసిన నలుగురిలో ఎవరూ ఆ మాట అడగలేదు. ఎనిమిదో తరగతి నుంచి ప్రతి నెలా రెండు రోజులు బడి మానేసి మంచం మీద ముడుచుకుని పడుకునేదట. వాంతులు, ఆ రోజుల్లో విరేచనానికి వెళ్లాలన్నా ఏడుపే. "పెళ్లయితే తగ్గుతుందిలే" అని వాళ్లమ్మ, "ఒక కాన్పయితే అదే పోతుంది" అని నేను. స్కానింగ్‌లో రెండు అండాశయాల్లోనూ చాక్లెట్ సిస్టులున్నాయి, అంటే ఎండోమెట్రియోసిస్ వల్ల పాత రక్తం నిండిన తిత్తులు. పాత రిపోర్టులు తీసి చూస్తే వాటిలోనూ "సిస్ట్" అని రాసే ఉంది!

గర్భసంచి లోపలి పొర లాంటిదే బయట అండాశయాల మీద, ట్యూబుల మీద, పేగుల మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. దాంతో లోపల వాపు వస్తుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రపంచంలో ఇలాంటివాళ్లు సుమారు 19 కోట్ల మంది, అంటే పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి పది మందిలో ఒకరు అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. స్కాట్లాండ్‌లో 14 వేలకు పైగా మహిళల ముప్పై ఏళ్ల రికార్డులు చూసి, ఈ జబ్బున్నవాళ్లలో గర్భస్రావం ముప్పు 76 శాతం ఎక్కువని 2015లోనే చెప్పారు. ట్యూబులో గర్భం నిలిచే ముప్పు దాదాపు మూడింతలట. మొదటి మూడు నెలల్లో గర్భం పోయే ముప్పు ఎక్కువ ఉండొచ్చని యూరప్ సంతాన వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాల్లోనూ ఉంది. జబ్బుకు మందుగా గర్భం దాల్చమని సలహా ఇవ్వొద్దని కూడా వాటిలోనే ఉంది. అది చదివినప్పుడు నా "ఒక కాన్పయితే" గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

ఈ జబ్బున్న ప్రతి ఒక్కరికీ కడుపు పోతుందని నేననడం లేదు. చాలామంది చక్కగా కంటున్నారు. తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి క్రోమోజోముల తేడాలే కారణం. థైరాయిడ్, రక్తం గడ్డకట్టే యాంటీబాడీలు, గర్భసంచిలో అడ్డుపొర, ఇవన్నీ కూడా చూడాలి. ఆపరేషన్ చేసేస్తే ఇక అబార్షన్లే ఉండవని గ్యారంటీ ఇచ్చేవాళ్లను నమ్మమనీ అనను. నొప్పి సంగతి అడగండి, రిపోర్టు పూర్తిగా చదవండి అంటున్నానంతే. దానికి కోట్ల రూపాయల మెషిన్లు కావాలా?

అసలు మన దగ్గర ఆడవాళ్ల కడుపునొప్పికి తెలిసిన వైద్యం ఒక్కటే, సంచి తీసేయడం. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. వాళ్లలో ఎంతమందికి ముందు సరిగ్గా పరీక్షలు చేశారో ఏ అధికారి అయినా లెక్క చెప్పగలడా? కాన్పు అయితే కిట్లు, ఫొటోలు, మంత్రిగారి చిరునవ్వు. కడుపు పోయినదాని వైపు చూసేవాళ్లే లేరు. గర్భస్రావం అయితే ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి చట్టంలోనే రాశారు. మా కోడలు ఆ సెలవు అడిగితే ఆఫీసులో హెచ్చార్ అమ్మాయి "అలాంటిది ఉందా మేడం?" అందట. చివరికి సిక్ లీవులో సర్దుకుంది.

మీరు సవరణ వేస్తారన్న ఆశ నాకు లేదు. ఒకవేళ వేస్తే మాత్రం లోపలెక్కడో రెండు లైన్లు కాదు, అదే ఆదివారం పేజీలో అదే అరపేజీ ఇవ్వండి. రాసే డాక్టరుగారికి బొప్పాయి వద్దని ముందే చెప్పండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, హనుమకొండ